ఆడ కుక్కపిల్లకు ఆపరేషన్ ఏ వయసులో?

ఇంట్లోకి ఆడ కుక్కపిల్ల వచ్చిన రెండు మూడు నెలలకు ఆ ఇంటివాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "దీనికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నాం. ఎప్పుడు చేయించమంటారు?" జవాబులకు కొరత ఉండదు. ఒక డాక్టరుగారు ఆరు నెలలకే చేసేద్దాం అంటారు. ఇంకొకరు మొదటిసారి హీట్‌కి వచ్చి వెళ్లనివ్వండి అంటారు. ల్యాబ్రడార్ పెంచుకుంటున్న స్నేహితుడు ఏడాదిన్నర ఆగమని ఓ యూట్యూబ్ వీడియో పంపిస్తాడు. ఇంట్లో అమ్మమ్మ మాత్రం, "నోరులేని జీవి, ఒక్క కాన్పన్నా కానివ్వండర్రా" అంటుంది.

ఈ నలుగురిలో ముగ్గురు చెప్పేదాంట్లో నిజముంది. ఒక్కొక్కరి మనసులో ఉన్న కుక్క వేరు, వాళ్లు భయపడే జబ్బు వేరు, అంతే. అమ్మమ్మ జాలి మంచిదే కానీ, ఒకసారి పిల్లల్ని పెడితే కుక్క ఆరోగ్యం బాగుపడుతుందన్న దానికి శరీరశాస్త్రంలో ఆధారం లేదు. మిగతా ముగ్గురి మాటలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలియాలంటే ముందు ఆడకుక్క ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి. అది మనిషి ఒంట్లో జరిగేలాంటిది కాదు. చాలామంది పొరబడేది అక్కడే.

రక్తం ఆగాకే అసలు రోజులు

చిన్న జాతుల్లో ఆరేడు నెలలకే మొదటి హీట్ రావచ్చు. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్కల్లో ఏడాది పట్టొచ్చు. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతుల్లో ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు కూడా. ముందు మానం ఉబ్బుతుంది. గచ్చు మీద అక్కడక్కడా రక్తపు చుక్కలు కనిపిస్తాయి. కుక్క పదేపదే నాక్కుంటూ ఉంటుంది కాబట్టి కొన్ని ఇళ్లలో ఆ చుక్కలు కూడా కనపడవు.

దీన్ని మనం ఆడవాళ్ల నెలసరితో పోల్చుకుంటాం. నిజానికి వరస తలకిందులుగా ఉంటుంది. స్త్రీలలో అండం విడుదలై, గర్భం రాకపోతే, గర్భసంచి లోపొర రాలిపోవడమే నెలసరి. అంటే ఆ రక్తం ఒక చక్రం ముగిసిందని చెబుతుంది. కుక్కలో రక్తం కనిపించేది అండం విడుదలకు ముందు. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి, గర్భసంచిలోని సన్నటి రక్తనాళాలు ఉబ్బి, అందులోంచి ఊరే రక్తం అది. సుమారు తొమ్మిది రోజులు ఇలా నడుస్తుంది. ఆ రోజుల్లో మగకుక్కలు వెంటపడతాయి కానీ ఇది దగ్గరకు రానివ్వదు, పళ్లు చూపిస్తుంది. ఆ తర్వాత రక్తం పలచబడి లేత పసుపు నీళ్లలా మారుతుంది. వీపు నిమిరితే చాలు, తోక పక్కకు తిప్పి నిలబడుతుంది. గర్భం నిలిచేది ఇప్పుడు. ఇది మరో తొమ్మిది రోజులు. చాలా ఇళ్లలో "రక్తం ఆగింది, గండం గడిచింది" అనుకుని గేటు తీసేది సరిగ్గా ఈ రోజుల్లోనే. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క ఒంట్లో వారం దాకా బతికి ఉండగలవు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు ఇద్దరు ముగ్గురు తండ్రులు ఉండటమూ మామూలే.

ఇక దీని తర్వాత జరిగేది ఈ అధ్యాయానికంతా మూలం. అండాలు విడుదలయ్యాక అండాశయాలు ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్‌ను తయారు చేస్తాయి. గర్భాన్ని నిలిపి ఉంచే హార్మోన్ ఇది. గర్భం రాకపోతే స్త్రీలలో రెండు వారాలకు తగ్గిపోతుంది. కుక్కలో అలా కాదు. గర్భం వచ్చినా రాకపోయినా, దాదాపు రెండు నెలలు దీని మోతాదు ఎక్కువగానే ఉంటుంది. కుక్క గర్భం మోసేది 63 రోజులు కదా, మగకుక్క ముఖం చూడని కుక్క శరీరం కూడా ప్రతి హీట్ తర్వాతా ఇంచుమించు అన్ని రోజులూ గర్భిణి శరీరంలాగే నడుచుకుంటుంది. ఆ రెండు నెలలూ అయ్యాక కొన్ని కుక్కలకు చన్నుల్లో పాలు కూడా వస్తాయి. పాత చెప్పునో, గుడ్డబొమ్మనో మంచం కిందకు ఈడ్చుకెళ్లి పిల్లలా కాపాడుకుంటాయి. పిచ్చి పట్టిందేమోనని ఇంటివాళ్లు బెంబేలెత్తిపోతారు. జరుగుతున్నదంతా హార్మోన్ల పనే.

ఇంకొకటి: కుక్కకు మెనోపాజ్ లేదు. పన్నెండేళ్ల ముసలి కుక్క కూడా హీట్‌కి వస్తుంది. గర్భసంచి ప్రతిసారీ ముస్తాబై, రెండు నెలలు ఎదురుచూసి, మళ్లీ సర్దుకోవాల్సిందే, బతికినన్నాళ్లూ.

ఆపరేషన్ అంటే అండాశయాలు, గర్భసంచి కలిపి తీసేయడం. కొన్నిచోట్ల అండాశయాలు మాత్రమే తీస్తారు. ఫలితం దాదాపు ఒకటే, ఎందుకంటే ఈ నాటకమంతా నడిపించేవి అండాశయాలే. మన దగ్గర "గర్భసంచి తీసేశారు" అన్న మాట వింటే ఆడవాళ్లు భయపడటంలో అర్థముంది. చిన్న వయసులోనే ఆ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీల శాతం దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ఆ నడుం నొప్పులు, ఆ నీరసం చాలా ఇళ్లలో చూసినవే. కానీ ఆ అనుభవాన్ని తెచ్చి కుక్కకు అంటగట్టలేం. కుక్క విషయంలో భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ముందు, చేయించకపోతే వచ్చేవి.

అర శాతం అనే అంకె

"మొదటి హీట్‌కి ముందే చేయిస్తే రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం అర శాతమే. ఒక హీట్ దాటితే 8 శాతం, రెండు దాటితే 26 శాతం." కుక్కల ఆసుపత్రుల్లో అర్ధ శతాబ్దంగా వినిపిస్తున్న మాట ఇది. అంకెలు ఉత్తవి కావు. 1969లో కాలిఫోర్నియా పరిశోధకులు అచ్చువేసిన ఫలితాలివి. చిక్కల్లా వాటిని చదివే తీరులో ఉంది.

ఒక హీట్ దాటిన కుక్కల్లో నూటికి ఎనిమిదింటికి క్యాన్సర్ వస్తుందని ఆ పరిశోధన చెప్పలేదు. అసలు ఆపరేషనే చేయించని కుక్కలకు ఉండే ప్రమాదాన్ని నూరు అనుకుంటే, ఈ కుక్కలకు అందులో ఎనిమిది వంతులే ఉంటుందని చెప్పింది. లెక్క కోసం ఆపరేషన్ లేని వెయ్యి కుక్కల్లో 100 కుక్కలకు ఈ జబ్బు వస్తుందని అనుకుందాం. అదే వెయ్యి కుక్కలకు ఒక హీట్ తర్వాత ఆపరేషన్ చేయిస్తే జబ్బు వచ్చేవి 8. రెండు హీట్ల తర్వాత చేయిస్తే 26. మొదటి హీట్‌కి ముందే చేయిస్తే ఒక్కటి కూడా రాకపోవచ్చు. ఇలా చూస్తే "ఒక హీట్ ఆగితే కొంప మునుగుతుంది" అన్న భయం పలచబడుతుంది. వెయ్యిలో ఏడెనిమిది కుక్కల తేడా అది. తేడా లేదనడం కాదు. కుక్కల్లో చన్నుల గడ్డల్లో ఇంచుమించు సగం క్యాన్సర్ గడ్డలేనని పశువైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ముసలి కుక్క పొట్ట కింద చింతపిక్కంత గట్టిగా చేతికి తగిలే ఆ గడ్డను ఇంటివాళ్లు నెలల తరబడి పట్టించుకోకపోవడం కూడా మామూలే.

పైగా ఆ 1969 నాటి లెక్క ఎంత గట్టిదన్న ప్రశ్న కూడా వచ్చింది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2012లో ఈ విషయం మీద ఇంగ్లిషులో వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. పనికొచ్చేవి 13 తేలాయి. వాటిలో తొమ్మిదింటి ఫలితాలు ఒకవైపు మొగ్గే ప్రమాదం ఎక్కువనీ, మిగతా నాలుగింటిలో ఆ ప్రమాదం మధ్యరకమనీ తేల్చారు. తొందరగా చేయిస్తే రొమ్ము గడ్డలు తగ్గుతాయన్నది తప్పని వాళ్లు అనలేదు. గట్టిగా చెప్పగలిగినంత సాక్ష్యం లేదన్నారు. నా మటుకు నేను ఆ రక్షణ నిజమేనని అనుకుంటాను, హార్మోన్ల తీరు చూస్తే అలా అనుకోవడానికి కారణముంది. కానీ అర శాతం, 8, 26 అని శిలాశాసనంలా వల్లించడం మానేయాలి.

చీము పట్టిన గర్భసంచి

ఆపరేషన్ చేయించమనడానికి నా దృష్టిలో అసలు కారణం ఇది. డాక్టర్లు పయోమెట్రా అంటారు. ప్రొజెస్టెరాన్ ఉన్న ఆ రెండు నెలలూ గర్భసంచి లోపొర మందమవుతుంది, పిల్లల కోసం పోషక ద్రవాలు ఊరుతాయి, గర్భసంచి ముఖద్వారం మూసుకుంటుంది. హీట్ రోజుల్లో ఆ ద్వారం తెరుచుకుని ఉన్నప్పుడు మలద్వారం చుట్టుపక్కల ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా లోపలికి ఎక్కి ఉంటే, దానికి వెచ్చటి గదీ తిండీ దొరికినట్టే. ఏటా ఇలాగే జరుగుతూ జరుగుతూ వయసు మళ్లాక ఒకసారి లోపలంతా చీముతో నిండుతుంది.

హీట్ వెళ్లిన నెల, రెండు నెలలకు లక్షణాలు మొదలవుతాయి. కుక్క నీళ్ల గిన్నె ఖాళీ చేసి మళ్లీ నీళ్లకోసం వస్తుంది. మాటిమాటికీ ఒంటికి పోస్తుంది. తిండి చూస్తే మొహం తిప్పుకుంటుంది, వాంతులు చేసుకుంటుంది. వెనక నుంచి చీము కారితే కనీసం తెలుస్తుంది. ద్వారం గట్టిగా మూసుకుంటే ఏమీ కారదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. ఈ రెండోది మరీ ప్రమాదం. లోపల గర్భసంచి పగలొచ్చు, విషం ఒళ్లంతా పాకొచ్చు. అప్పుడు చేసేదీ అదే ఆపరేషన్, కాకపోతే అర్ధరాత్రి, పదేళ్ల కుక్కకు, మూత్రపిండాలు దెబ్బతిని ఉండగా.

ఇది ఎంత మామూలో స్వీడన్ నుంచి తెలుస్తుంది. అక్కడ జబ్బేమీ లేకుండా పెంపుడు కుక్కకు ఈ ఆపరేషన్ చేయించే అలవాటు చాలాకాలం తక్కువ. కుక్కలకు బీమా చేయించే అలవాటు మాత్రం ఎక్కువ. ఆ బీమా రికార్డులు చూస్తే పదేళ్లు వచ్చేలోపు ఇంచుమించు నాలుగింట ఒక కుక్కకు ఈ జబ్బు వచ్చింది.

"ఆపరేషన్ ఎందుకు, హీట్ రాకుండా ఇంజక్షన్ వేయించేస్తే పోలా?" అని అడిగేవాళ్లున్నారు. ఆ ఇంజక్షన్లలో చాలావాటిలో ఉండేది ప్రొజెస్టెరాన్ జాతి మందే. ఏ హార్మోన్ వల్ల గర్భసంచి పాడవుతుందో దాన్నే సూదితో ఎక్కించడమన్నమాట. పయోమెట్రా వచ్చే అవకాశం దానితో పెరుగుతుంది. పొరపాటున మగకుక్క కలిశాక గర్భం నిలవకుండా వేసే ఈస్ట్రోజెన్ ఇంజక్షన్‌తోనూ ఇదే చిక్కు, అది ఎముకల మజ్జను కూడా దెబ్బతీయగలదు.

ఇక్కడ మన ప్రశ్నకు సంబంధించిన సంగతి ఒకటుంది. పయోమెట్రా ఎక్కువగా నడివయసు దాటాక వచ్చే జబ్బు. దాన్నుంచి కాపాడుకోవడానికి ఆరు నెలలకే తొందరపడనక్కర్లేదు, ఏడాదిన్నరకు చేయించినా దాదాపు అంతే రక్షణ. మొదటి హీట్‌కి ముందే చేయించమని బలంగా చెప్పేది రొమ్ము గడ్డల లెక్క ఒక్కటే. ఆ లెక్క ఎంత గట్టిదో పైన చూశాం.

ఎముకకు 'చాలు' అని చెప్పేదెవరు?

ఇప్పుడు తొందరపడితే ఏమవుతుందో చూద్దాం. పెరిగే వయసులో కాలి ఎముక చివర్లలో మెత్తటి మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఇల్లు కట్టేచోట గోడమీద కూర్చుని వరస మీద వరస ఇటుక పేర్చే తాపీ మేస్త్రిలాంటిది ఈ పొర. ఫలానా ఎత్తుకు రాగానే "ఇక చాలు, దిగండి" అని చెప్పే మనిషి కావాలి. ఒంట్లో ఆ మాట చెప్పేవాటిలో ముఖ్యమైనది ఈస్ట్రోజెన్. అది అండాశయాల నుంచి వస్తుంది. అండాశయాలను ముందే తీసేస్తే మేస్త్రి ఎప్పటికీ ఆగడని కాదు, ఆగుతాడు, కానీ ఆలస్యంగా. ఈలోపు గోడ రెండు వరసలు ఎక్కువ లేస్తుంది. అన్ని గోడలూ ఒకేసారి కట్టడం లేదు కాబట్టి, ముందే ఆగిపోయిన గోడకూ ఇంకా లేస్తున్న గోడకూ మట్టం కుదరదు. మోకాలు, తుంటి, మోచేతి కీళ్ల దగ్గర ఎముకలు కలిసే కోణం కాస్త అటూ ఇటూ అవుతుంది.

పది కిలోల కుక్కకు ఆ తేడా లెక్కలోకి రాదు. ముప్పై కిలోల కుక్క దాన్ని రోజూ మోయాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో బెంజమిన్ హార్ట్, లినెట్ హార్ట్ బృందం తమ పశువైద్యశాల రికార్డులు తిరగేసి 2013లో గోల్డెన్ రిట్రీవర్ల మీద, 2020లో 35 జాతుల మీద ఫలితాలు ప్రకటించింది. చిన్న వయసులో ఆపరేషన్ అయిన జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్, గోల్డెన్ కుక్కల్లో తుంటి కీలు వదులవడం, మోకాలి లిగమెంట్ తెగడం లాంటివి పెరిగాయి. పొమరేనియన్, పగ్ లాంటి బుల్లి జాతుల్లో అలాంటి పెరుగుదల లేదు. జాతి కలిసిన కుక్కల్ని కూడా బరువును బట్టి చూశారు. పెద్దయ్యాక 20 కిలోలు దాటేవాటిలోనే తేడా కనిపించింది. షెపర్డ్‌కు రెండేళ్లు దాటేదాకా ఆగమని వాళ్ల సలహా. ఇవన్నీ ఒకే పెద్ద ఆసుపత్రికి వచ్చిన కుక్కల రికార్డులు. మామూలు కుక్కలకు యథాతథంగా వర్తిస్తాయనలేం. అయినా అటువైపు చూపిస్తున్న వేలు అది.

మూత్రం ఆపుకోలేకపోవడం ఇంకో చిక్కు. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, ఏళ్లకో కొన్ని కుక్కలు నిద్రలో పరుపు తడుపుతాయి. లేచాక తామే బిత్తరపోయి చూస్తాయి. తెలియనివాళ్లు కొడతారు. అది అల్లరి కాదు, మూత్రనాళాన్ని బిగించి ఉంచే కండరం వదులవడం. పెద్ద కుక్కల్లో ఎక్కువ, మూడు నెలల లోపు ఆపరేషన్ చేసినవాటిలో మరీ ఎక్కువ. మందులతో చాలావరకు అదుపులో ఉంటుంది. ఒళ్లు రావడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు: ఆపరేషన్ తర్వాత తిండి పావు వంతు తగ్గించండి. పెరుగన్నం గిన్నె నిండా పెడుతూ ఆపరేషన్‌ను తిట్టుకుంటే లాభం లేదు.

ఏ కుక్క, ఏ గేటు

అమెరికన్ పశువైద్యశాలల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సాక్ష్యాలన్నీ తూచి సుమారు 20 కిలోల దగ్గర గీత గీశాయి. పెద్దయ్యాక అంతకు లోపు ఉండే ఆడకుక్కకు మొదటి హీట్‌కి ముందే, అయిదారు నెలలకు. అంతకు మించేదానికి 5 నుంచి 15 నెలల మధ్య, కుక్కను బట్టి. ఆ "కుక్కను బట్టి" అన్న మాటలోకి మన గేటు కూడా వస్తుంది.

ల్యాబ్రడార్ ఉంది, ఇల్లు మూడో అంతస్తులో, బయటికి తీసుకెళ్తే బెల్టుతోనే. హాయిగా ఆగొచ్చు. అదే ల్యాబ్రడార్ పిట్టగోడ ఎత్తులేని ఇంట్లో, పనిమనిషీ పాలబ్బాయీ వచ్చిపోతుంటే గేటు తెరిచే ఉండే ఇంట్లో ఉంటే, కీళ్ల లెక్కకన్నా వీధి లెక్క బరువైనది. హీట్‌లో ఉన్న కుక్క వాసన పట్టి వీధికుక్కలు మూడు వారాలు గేటు దగ్గర కాపలా కాస్తాయి. గర్భం ఒక్కటే కాదు, కలయికతో అంటుకునే గడ్డలు కూడా వస్తాయి. సీటీవీటీ అనే ఈ క్యాన్సర్ మన వీధికుక్కల్లో బాగా ఉంది. వేల ఏళ్ల కిందట ఎక్కడో ఒక కుక్కలో పుట్టిన క్యాన్సర్ కణాలే కుక్క నుంచి కుక్కకు అంటుకుంటూ ఈనాటికీ బతికి ఉన్నాయి. ఆ కుక్క ఎప్పుడో పోయింది, దాని క్యాన్సర్ పోలేదు. విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్లతో చాలావాటికి నయమవుతుంది.

ఆగాలనుకునేవాళ్లు నెలల లెక్క సరిగ్గా వేసుకోవాలి. హీట్‌లో ఉండగా రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, కత్తి పెడితే రక్తం ఎక్కువ పోతుంది. చన్నుల్లో పాలున్నప్పుడూ చేయకూడదు. హీట్ వెళ్లాక రెండు మూడు నెలలు ఆగి, హార్మోన్లు సద్దుమణిగాక చేయాలి. అంటే "ఒక హీట్ చూద్దాం" అనడం పది నెలలకు కాదు, ఏడాదీ చిల్లరకు మాట.

ఏ వయసుకు చేయించినా ఆపరేషన్‌కు ముందు రక్త పరీక్ష మాత్రం మానొద్దు. మన వాతావరణంలో గోమార్లు పట్టని కుక్క అరుదు. గోమారు కుట్టి వచ్చే జ్వరం, ఎర్లీకియా, చాలాకాలం పైకి కనపడకుండా ఉండి రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గిస్తుంది. కుక్క గెంతుతూనే ఉంటుంది, కోశాక రక్తం ఆగదు. డాక్టరు పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూసేది ఊరికే కాదు. తెల్లగా పాలిపోయి ఉన్నా, ఎర్రటి చుక్కలు కనిపించినా ఆ రోజుకు ఆపరేషన్ వాయిదా వేయడమే మంచి డాక్టరు లక్షణం.

చిత్తకార్తె పిల్లలు

ఇక మన వీధి నుంచి తెచ్చుకున్న పిల్లలు. ఇవి పెద్దయ్యాక సాధారణంగా 20 కిలోలకు లోపే ఉంటాయి కాబట్టి కీళ్ల బెంగ తక్కువ. వీటి శరీరానికి ఇంకో ప్రత్యేకత ఉంది. విదేశీ జాతులు ఆరేడు నెలలకోసారి, ఏ కాలంలోనైనా హీట్‌కి వస్తాయి. మన వీధికుక్కలు ఎక్కువగా ఏడాదికోసారి, వానలు వెనకబట్టే రోజుల్లో వస్తాయి. మన రైతులు చిత్తకార్తె కుక్కలని ఊరికే అనలేదు. చిత్తకార్తె అక్టోబరులో వస్తుంది. అక్కడి నుంచి 63 రోజులు లెక్కవేస్తే డిసెంబరు. చలికాలంలో ప్రతి వీధిలోనూ ఇసుక కుప్ప పక్కన కళ్లు తెరవని పిల్లలు కనిపించేది అందుకే.

వీధిలో ఉండే కుక్కకైతే సరైన వయసు అన్న చర్చే పెద్దగా ఉండదు. వలకు దొరికిన రోజే మంచిరోజు. జైపూర్‌లో 1994లో మొదలుపెట్టి ఎనిమిదేళ్లపాటు ఇలా పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదిలిపెట్టారు. ఆడకుక్కల్లో ఇంచుమించు 65 శాతానికి ఆపరేషన్ అయ్యేసరికి అక్కడి కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. మన మున్సిపాలిటీల్లో చెవి కొస కత్తిరించి కనిపించే కుక్కలకు చేసేదీ ఇదే.

ఇంట్లోకి తెచ్చుకున్న వీధిపిల్లకు మాత్రం తీరిగ్గా లెక్క వేసుకోవచ్చు. డిసెంబరులో పుట్టిందనుకుంటే, నాలుగు నెలలకు, అంటే ఏప్రిల్‌కు, పార్వో, రేబిస్ టీకాలు పూర్తవుతాయి. మే, జూన్ నెలలకు అయిదారు నెలల వయసు. ఎండలు మండుతుంటాయి కాబట్టి పొద్దున్నే మొదటి ఆపరేషన్‌గా చేయమని అడగాలి. మెడకు కాలర్ వేసి, కుట్లు నాకనివ్వకుండా పదిరోజులు చూసుకోవాలి. జూన్‌లో కుదరకపోతే జూలై, అదీ కాకపోతే ఆగస్టు. ఈలోపే హీట్ మొదలైతే ఇక అది వెళ్లి రెండు మూడు నెలలు గడిచేదాకా డాక్టరు దగ్గర తారీఖు అడగడం అనవసరం. ఆ మూడు వారాలూ గేటుకు తాళమే.